యాకొవ్లెఫ్ బొమ్మ: చేత్తో గీసిందా, అచ్చు వేసిందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం పారిస్‌లో ఉంటాం. ఇక్కడ పాత సామాన్ల సంతలో ఒక ఆఫ్రికన్ మహిళ బొమ్మ చూశాను. ఇటుక రంగు సుద్దతో గీసినట్టుంది, కింద యాకొవ్లెఫ్ సంతకం, 1925 అని ఉంది. అసలు బొమ్మే అంటున్నాడు అమ్మేవాడు. ధర వింటే టెన్షన్ వచ్చింది. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: సంవత్సరం సరిపోతుంది. సిట్రోయెన్ కంపెనీ 1924 అక్టోబరులో అల్జీరియాలోని కొలోంబ్ బెషార్ నుంచి వెనక చక్రాల బదులు రబ్బరు పట్టాలున్న బండ్లతో ఆఫ్రికా యాత్ర మొదలుపెట్టింది. నాయకుడు జార్జ్ మరీ హార్ట్, చిత్రకారుడు అలెగ్జాండర్ యాకొవ్లెఫ్. నైజర్, చాద్, కాంగో దాటి 1925లో మడగాస్కర్ చేరారు. దారి పొడవునా ఆయన మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడు. ముఖకవళికల్లో అంత ఓపిక నాకు చాలా తక్కువ మందిలో కనబడింది.

అయితే సంతకాన్ని చూసి నమ్మకండి. ఈ బొమ్మల్లో 50 ఎంచి 1927లో పారిస్‌లోనే పెద్ద సంపుటంగా అచ్చు వేశారు, వెయ్యికి పైగా ప్రతులు. విడివిడి కాగితాలు కాబట్టి ఫ్రేము కట్టి అమ్మడం తేలిక. బొమ్మతోపాటు సంతకమూ అచ్చవుతుంది.

ఫ్రేములోంచి తీయించి, టార్చిలైటు పక్క నుంచి వాలుగా వేసి భూతద్దంతో చూడండి. నిజం సుద్ద కాగితం మిట్టల మీద పొడిగా నిలుస్తుంది, పల్లాల్లో ఖాళీలుంటాయి. అచ్చులో సిరా నున్నగా ఒకే మట్టంలో ఉంటుంది. వరుసగా చుక్కలు కనిపిస్తే అది కచ్చితంగా అచ్చే. చుక్కలు లేనంత మాత్రాన అసలుదని కాదు, కొలోటైప్ (జెలటిన్ పూసిన గాజు పలకతో వేసే పాత పద్ధతి) అచ్చులో అవి ఉండవు. వేలితో మాత్రం రుద్దకండి.

ప్రశ్న: థాంక్యూ అండీ. చుక్కలు లేవు, ఎరుపు కొంచెం పొడిగానే ఉంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: అయితే ముందు ఆ సంపుటంలోని 50 బొమ్మలతో పోల్చండి. పెద్ద గ్రంథాలయాల్లో అడిగితే చూపిస్తారు. గీతకు గీత కలిస్తే అనుమానించాల్సిందే. కలవకపోతే డబ్బు ఇవ్వకముందే పాత డ్రాయింగులు చూసే నిపుణుడి చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. వెనక పాత గ్యాలరీ చీటీ ఏదైనా ఉంటే ఫొటో తీయండి.

మరొకరు: కొంటే ఫ్రేము విషయంలో జాగ్రత్త. అక్రిలిక్ షీటు వద్దు, దాని స్థిర విద్యుత్తు సుద్ద పొడిని లాగేస్తుంది. గాజే వేయించండి, బొమ్మకు తగలకుండా మధ్యలో యాసిడ్ లేని మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు) పెట్టించండి. అంచున ఆమె పేరో ఊరో రాసి ఉంటే మౌంట్ కింద దాచేయనివ్వకండి. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో చెప్పేది ఆ ఒక్క ముక్కే.