పోల్చడమా, పోలడమా, పోల్చుకోవడమా?

— పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని మ్యాచ్-కేస్ గురించి తెలుగులో రాస్తున్నాను. ఇచ్చిన విలువ ఏ 'కేస్'లో రాసిన నమూనాకి సరిపోతే ఆ కేస్ నడుస్తుంది. 2020లో పెప్ 622గా (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరే ప్రతిపాదన పత్రం) ప్రతిపాదించారు, 2021లో 3.10తో భాషలోకి వచ్చింది. ఈ ప్యాటర్న్ మ్యాచింగ్‌ని 'నమూనా సరిపోల్చడం' అన్నాను గానీ మనసొప్పడం లేదు. వేమన పద్యం నోట్లో ఆడుతోంది: 'ఉప్పు కప్పురంబు ఒక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు'. ఆ 'పోలిక' పనికొస్తుందా?

— 'ఒక్క' కాదండీ, 'నొక్క'. గణాలు చెడవు గానీ ద్రుతం, అంటే ఆ నకారం, వదిలేస్తే విసంధి, కలవాల్సిన సంధి కలవదు.

— అవును, కానీ యతి మాత్రం 'న'తో కాదు, లోపలున్న 'ఒ'తోనే. ఉ-ఒ చెల్లింది. రెండో పాదం చూడండి, అక్కడ ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి: చూడ-జాడ. ఆటవెలదిలో ఇదైనా సరే, అదైనా సరే. కేస్‌లో నిలువు గీత పెట్టి రెండు నమూనాలు రాసుకున్నట్టే ఉంది నాకు.

— మాస్టారూ, ఎంత బాగా చెప్పారు! వేమన పోలిక కూడా పైరూపమే కదా. రుచి తేల్చాలంటే నమూనా పక్కన ఇఫ్ అని షరతు తగిలించాలి.

— అసలు చిక్కు 'ల్చు' దగ్గరుంది. పోల్చేది మనం, పోలేది విలువ. కాబట్టి 'సరిపోలడం' అనాలి.

— మా ఇంట్లో 'నన్ను పోల్చుకున్నావా?' అంటే గుర్తుపట్టావా అని. నేను 'పోల్చుకోవడం' అంటాను. కేస్‌లో ఉత్త పేరు రాస్తే దాని పాత విలువతో పోల్చదు, వచ్చిన విలువను ఆ పేరులో పట్టి ఉంచుతుంది. ఒకసారి జంటలో రెండో చోట స్థిరాంకం పేరు రాశాను. ఎర్రరూ రాలేదు, ఏది వచ్చినా అక్కడే సరిపోయింది. సగం రోజు పోయింది. చుక్క ఉన్న పేరైతేనే పోలుస్తుందని అప్పుడు తెలిసింది. ఈ పట్టి ఉంచడమంతా 'కో'లో ఉంది.

— మరి కేస్‌లో పేరుకి బదులు రాసే అండర్‌స్కోర్ (_) మాటేమిటమ్మా? అది దేన్నైనా ఒప్పుకుంటుంది, ఏదీ ఉంచుకోదు. దాని బదులు ప్రశ్నార్థకం పెడదామని పెప్ 640 అడిగితే తిరస్కరించారు. అండర్‌స్కోర్‌కి మీ 'కో' చెల్లదు.

— గుర్తుపట్టడానికి పేరు గుర్తుండాలా ఏమిటి? ముఖం పోల్చుకుంటాం, పేరు తట్టదు. చెల్లుతుంది.

— 'పోలిక' దగ్గరే ఆగిపోయారందరూ. 'రుచుల జాడ'లో జాడ అంటే ఆనవాలా, తీరా? తీరే అయితే ప్యాటర్న్‌కి 'నమూనా' ఎందుకు, 'జాడ' ఉండగా?

— ఆనవాలేనండీ. 'జాడ తీయడం' అనమా?

— 'ఈ జాడగా' అని కూడా అంటాం.