పక్షవాతం తర్వాత మన్యం గ్రామాల్లో ఫిజియోథెరపీ అందే మార్గం ఏమిటి?

పాడేరు దాటి లోపలికి ఉన్న గ్రామంలో నివసించే మా పెద్దమ్మకు ఇటీవల మెదడులో రక్తనాళం పూడుకుపోయి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా తడబడుతోంది. విశాఖపట్నంలో వైద్యం ఉచితంగానే జరిగింది కానీ, ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చి, రోజూ వ్యాయామం చేయించమని మాత్రమే చెప్పారు. అదే వార్డులో ఉన్న నగరవాసి ఒకాయనకు ఫిజియోథెరపిస్టు ఇప్పుడు రోజూ ఇంటికే వస్తున్నారు. కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది కనుక, ఆమెను ఘాట్ రోడ్డు మీదుగా వారం వారం నగరానికి తీసుకువెళ్లలేని మాకు ఈ తేడా చిన్నదిగా తోచడం లేదు.

పాడేరు, అరకు ప్రాంతాల్లో ఇంటికి వచ్చి గానీ, కనీసం వీడియో కాల్‌లో గానీ (సిగ్నల్ అందే చోటికి మేమే తీసుకువెళ్తాం) వ్యాయామాలూ మాట సాధనా నేర్పేవారు ఎవరైనా ఉన్నారా? అలాగే, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు ఇచ్చే రూ.15,000 పింఛను, ఆసరా ఉంటే కాసేపు నిలబడగలిగే మనిషికి వర్తిస్తుందా, లేక సదరం ధ్రువపత్రం (వైకల్యాన్ని నిర్ధారించే ప్రభుత్వ పత్రం) తీసుకుని రూ.6,000 దివ్యాంగుల పింఛనుకే దరఖాస్తు చేయాలా? ఇటువంటి దరఖాస్తు చేసినవారు దయచేసి వివరాలు తెలియజేయగలరు.