సంక్రాంతికి 12 ఇళ్లకు ఇంట్లో చేసిందే ఇవ్వాలనుంది, రెండు వేలలో అవుతుందా?

తెనాలి అమ్మాయి (బనశంకరి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉన్నాం, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో కూడా తెలిసేది కాదు. బనశంకరిలో పాత బిల్డింగుకి మారాక సంగతి వేరయింది. మొత్తం 13 ఇళ్లు. ఎక్కువమంది కన్నడవాళ్లు, రెండు మార్వాడీ కుటుంబాలు, మేమొక్కరం తెలుగు. కిందటి సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి పక్కింటి ఆంటీ మా కోసం ఒక సంచి దాచి ఉంచారు. దాన్నిండా ఎళ్ళు బెల్ల పొట్లాలు. తెలియనివాళ్లకు చెప్తున్నా, నువ్వులు, సన్నగా తరిగిన బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, పల్లీలు, పుట్నాలు కలిపి ఇక్కడ పండక్కి ఇంటింటికీ పంచుతారు. దాంతోపాటు పంచదార అచ్చులు, చెరుకు ముక్క, అరటిపండు. మేం ఊళ్లో లేకపోయినా ఒక్క ఇంటివాళ్లు కూడా మా వాటా మానలేదు.

ఈసారి పండక్కి ఇక్కడే ఉంటున్నాం. నేనూ ఇవ్వాలి కదా! తిరిగి వాళ్లకే ఎళ్ళు బెల్ల ఇవ్వాలని లేదు, అది వాళ్ల చేతిలోనే బాగుంటుంది. మన వైపు వంట ఏదైనా ఇవ్వాలని ఉంది. మా ఆయనైతే “డజను స్వీట్ బాక్సులు కొనేస్తే అయిపోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకు” అంటున్నారు. ఓ మోస్తరు స్వీటు కూడా అర కిలో మూడొందలకు తక్కువ లేదు. పైగా ఆ బాక్సులు తెరవకుండానే ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి పోతుంటాయని మనందరికీ తెలిసిందే.

నాకున్నవి రెండు పొయ్యిలు, ఒక మిక్సీ, పండగ ముందు ఒక్క ఆదివారం. మార్వాడీ వాళ్లు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. పై అంతస్తు అజ్జికి (బామ్మగారికి) షుగరు. సీసాలతో కలిపి రెండు వేలు దాటకూడదు. సున్నుండలు అనుకున్నాను కానీ నెయ్యి ధర చూసి ఆగాను. ఇంకో మాట, మా ఆడపడుచు చెన్నై వేళచ్చేరిలో ఉంటారు. ఆవిడకు కూడా వంటింట్లోకి పనికొచ్చేది ఏదైనా పంపాలి. ఏం చేస్తే బాగుంటుందంటారు?

పీలేరు పెద్దమ్మ (జయనగర్, బెంగళూరు)

అమ్మాయ్, సున్నుండలు పక్కన పెట్టు. నెయ్యి ధర కోసం కాదు, పండగనాడు ఎవరికీ తీపి మీద మనసుండదు కాబట్టి. పొద్దున లేస్తే సిహి పొంగల్ (తీపి పొంగలి), ఆ పైన ఎళ్ళు బెల్ల, చెరుకు. సాయంత్రానికి నోరు మొద్దుబారిపోయి ఉంటుంది. అప్పుడు కారంగా ఏదన్నా కనిపిస్తే ముందు దాని మూతే తీస్తారు. నన్నడిగితే కందిపొడి చెయ్యి. అందరికీ అదొక్కటే. ఈ ఇంటికిది, ఆ ఇంటికిది అని పెట్టుకున్నావా, నీ ఆదివారం అక్కడికే సరి. వెల్లుల్లి అసలు వెయ్యకు, ఇంగువ వెయ్యి. మార్వాడీ వాళ్లకూ సరిపోతుంది, అజ్జికీ అడ్డు లేదు.

లెక్క చెప్తా రాసుకో. కందిపప్పు కిలో, శనగపప్పు పావు కిలో, ఎండుమిరపకాయలు 60 గ్రాములు, జీలకర్ర రెండు చెంచాలు, ఇంగువ ఒక చెంచా, ఉప్పు 50 గ్రాములు. అంతా కలిపి కిలో 300 పైనే దిగుతుంది. వంద గ్రాముల లెక్కన 12 ఇళ్లకూ పోను మీ ఇంటికి కాస్త మిగులుతుంది. మా వీధి కొట్టు ధరల్లో సరుకు రెండొందలు, రెండొందల పాతిక. అంటే సీసాలో పోసేది 18 రూపాయల పొడి, సీసా మాత్రం 20 రూపాయలు. అందుకే సీసా దగ్గర షోకులకు పోవద్దంటాను. రిబ్బన్లు, గోనెగుడ్డ టోపీలు, బంగారు రంగు తాళ్లు అన్నీ ఆ సాయంత్రానికే చెత్తబుట్టలోకి పోతాయి.

మిరపకాయల్లో సగం బ్యాడగి, సగం గుంటూరు వెయ్యి. మొత్తం గుంటూరివి వేస్తే నీ తెనాలి నాలుకకు బాగుంటుందేమో కానీ ఇక్కడివాళ్లు నీళ్లు తాగుతూ తినాలి. బ్యాడగికి కారం తక్కువ, రంగు ఎక్కువ. వీళ్ల చట్నీపుడి (చట్నీపొడి), సారు (చారు), హుళి (సాంబారు) అన్నిటికీ అలవాటైన రుచి అదే.

వేయించేటప్పుడు తొందరపడకు. రెండు పొయ్యిలున్నాయి కదా అని సెగ పెంచితే పప్పు పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ పొడి అన్నంలో కలిపితే పచ్చి పిండి తిన్నట్టే. సన్న సెగ, మందపాటి మూకుడు, ఒక్క చుక్క నూనె కూడా వద్దు. పావు కిలో చొప్పున నాలుగు వాయిలుగా వేయించు. వాసన మారాక నాలుగు గింజలు తీసి చల్లారనిచ్చి కొరుకు. పటుక్కున విరిగి నాలుక మీద కమ్మగా ఉంటే దించు. వేడి గింజ కొరికి చూస్తే తెలీదు. శనగపప్పు విడిగా వేయించు, అది ఇంకాస్త టైం తీసుకుంటుంది. ఉప్పు కూడా వేడి మూకుట్లో ఒక తిప్పు తిప్పితే తేమ పోతుంది. మిక్సీ జార్ వేడెక్కితే ఆగి మళ్లీ తిప్పు. బొంబాయి రవ్వ కంటే సన్నగా, గోధుమపిండి కంటే గరుకుగా ఉండాలి.

సీసాలకు చిక్కపేట మెట్రోలో దిగి మామూలుపేట వైపు నడువు. రెండొందల మిల్లీలీటర్ల గాజు సీసాలు డజను లెక్కన ఇస్తారు. వాటిని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి బోర్లించి, తర్వాత ఎండలో పెట్టు. పొడి పూర్తిగా చల్లారాకే నింపు. వేడిగా ఉన్నప్పుడు మూత బిగిస్తే లోపల చెమ్మ చేరి, పైన గడ్డకట్టి, వారంలో బూజు వాసన మొదలవుతుంది. కందిపొడికి తేమ ఒక్కటే శత్రువు. కొబ్బరి, పల్లీలు పడిన పొడులైతే నూనె పాతబడి కంపు వస్తుందని ఇంకో భయం. దీనికి ఆ బాధ లేదు.

సీసా మీద ఒక కాగితం తప్పకుండా అంటించు. ఏమేం వేశావు, ఏ రోజు చేశావు, ఎలా తినాలి, మూడూ రాయి. ఎలా తినాలనేది ముఖ్యం. చట్నీపుడి అనుకుని దోసెలో నంజుకుంటే దీని రుచి సగమే తెలుస్తుంది. “వేడి అన్నం, నెయ్యి, ఒకటిన్నర చెంచా పొడి, మొదటి ముద్ద” అని కన్నడలో రాయి. నీకు రాకపోతే పక్కింటి ఆంటీతో రాయించుకో, ఆమెకూ సంతోషం. బయట కొనే ఇంగువలో ఎక్కువగా మైదా కలిసి ఉంటుంది. గోధుమ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే కనుక్కో.

వైట్‌ఫీల్డ్ రాజు (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

నేను పుచ్చుకునే వర్గం అండీ, ఇచ్చే వర్గం కాదు. ఒంటరిగా ఉంటున్నాను కాబట్టి పండగొస్తే నాలుగిళ్ల నుంచి ఏదో ఒకటి వస్తుంది. వాటిలో నిజంగా ఖాళీ అయ్యేవి పొడులే. పెద్దమ్మగారు అన్నం, నెయ్యి అన్నారు, నేనైతే ఉప్మా మీద, ఇడ్లీ మీద, ఒక్కోసారి మ్యాగీ మీద కూడా చల్లుకుంటాను. నన్ను తిట్టుకోకండి.

ఒక్క మనవి. సీసా తిరిగి అడగొద్దు. స్టీలు డబ్బాలో ఇస్తారు, “డబ్బా మాత్రం ఇచ్చెయ్ నాన్నా” అంటారు. ఖాళీ డబ్బా తిరిగివ్వడం బాగోదని అందులో ఏం వెయ్యాలో తెలియక ఆ డబ్బా నెలల తరబడి నా షెల్ఫ్‌లో కూర్చుంటుంది.

ఈ పొడులు, పచ్చళ్లు ఎవరైనా ఫ్లైట్‌లో ఊరికి తీసుకెళ్తుంటే చేతి సంచిలో పెట్టకండి. కారప్పొడి, మిరపకాయ పచ్చడి సెక్యూరిటీ దగ్గర పోతాయి. చెక్-ఇన్ లగేజీలో వేయండి.

మారతహళ్లి వాణి (బెంగళూరు)

పెద్దమ్మగారూ, సున్నుండల్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి! మినప్పప్పు కిలో, బెల్లం ముప్పావు కిలో, నెయ్యి 400 గ్రాములు. చిన్న నిమ్మకాయంత చుడితే యాభై దాకా వస్తాయి. నెయ్యి కిలో ఆరొందలు దాటిందనుకున్నా మొత్తం ఖర్చు ఐదొందలు దాటదు. ఇంటికి నాలుగు, అంటే నలభై రూపాయలు. సిహి పొంగల్ ఆ రోజే అయిపోతుంది కానీ సున్నుండలు నీళ్లు తగలకపోతే రెండు వారాలు బయటే ఉంటాయి. పండగ అలసట తీరాక టీ వేళకి తింటారు. ఎళ్ళు బెల్ల ఇచ్చిన ఇంటికి తీపే లేకుండా వెళ్లడం నాకెందుకో లోటుగా అనిపిస్తుంది.

కందిపొడితో పాటు ఇవి కూడా చేసినా రెండు వేలలో సగం కూడా కాదు.

పీలేరు పెద్దమ్మ

వాణీ, లెక్క సరే, ఒక్క ఆదివారంలో చుట్టేదెవరు? పైగా మినప్పప్పును మిక్సీలో మైదాలా మెత్తగా పట్టేస్తే అంగిట్లో అంటుకుంటుంది. కాస్త గరుకుండాలి, ఆ పదును మిక్సీలో తప్పుతుంది. మరలో పట్టించుకునే వీలుంటే, ముందు రోజు రాత్రి పప్పు వేయించి పెట్టుకోగలిగితే, అమ్మాయి ఇష్టం. అజ్జికి మాత్రం రెండు కందిపొడి సీసాలివ్వమను.

పెరంబూరు కోడలు (చెన్నై)

ఆడపడుచు సంగతి ఎవరూ ఎత్తలేదే! వేళచ్చేరికి కందిపొడి పంపకండి. ఇక్కడ పరుప్పు పొడి ప్రతి కొట్లోనూ దొరుకుతుంది, ఆవిడ రోజూ తింటూనే ఉంటారు. ఎవరో ఒకరు చిన్న రాతి రోలు కూడా చెప్తారు, అల్లం దంచుకోవడానికి బాగుంటుందని. అదీ మైలాపూర్‌లో దొరుకుతుంది, బెంగళూరు నుంచి బండరాయి మోయకండి.

వంటింట్లోకి పనికొచ్చేది అన్నారు కాబట్టి, మీ పాత నేతచీర ఉంటే వేడి గిన్నెలు దించే గుడ్డలు కుట్టండి. 8 అంగుళాల చదరాలు, పైనా కిందా చీర గుడ్డ, మధ్యలో పాత టర్కీ తువ్వాలు రెండు మడతలు. నూలుదే అయ్యుండాలి, పాలిస్టర్ కలిసిందైతే వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. ఒక మూలన తగిలించుకోవడానికి ఉచ్చు కుట్టండి. మా వదిన ఇచ్చిన జత మీద పసుపు మరకలు పడి అసలు రంగేదో తెలియడం లేదు, అయినా కుక్కర్ దించాలంటే చెయ్యి దాని మీదికే పోతుంది. చీర అంచు పైకి కనిపించేలా కుడితే ఆడపడుచుగారు ఎవరి చీరో గుర్తుపడతారు కూడా.

తినేది కూడా పెట్టాలనిపిస్తే మాకిక్కడ సులువుగా దొరకనిది పంపండి. సంక్రాంతి రోజుల్లో బెంగళూరులో అవరెకాయ (అనపకాయ) సీజను కదా? ఆ వేయించిన అవరెబేళె మిక్స్చర్ ఒక్క డబ్బా చాలు. గాజు సీసాలో వద్దు, బస్సు పార్శిల్‌లో పగులుతుంది. మందపాటి కవర్లో కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ ఈ గుడ్డలే దోపండి. కేఎస్‌ఆర్టీసీ (కర్ణాటక ఆర్టీసీ) వాళ్ల పార్శిల్ సర్వీసు నమ్మ కార్గోలో వేయండి, లేదంటే ఎవరైనా రైల్లో వస్తుంటే వాళ్ల చేతికి ఇవ్వండి.

తెనాలి అమ్మాయి

అందరికీ థాంక్స్! కందిపొడి ఖాయం. సున్నుండలు శనివారం రాత్రి నాకు ఓపికుంటేనే. నేతచీర ఉంది, మంగళగిరిది, అంచు బాగుంది. మిషను లేదు కానీ చేత్తో కుడతాను. అవరెబేళె మాత్రం నేనెప్పుడూ వేయించలేదు. పెద్దమ్మగారూ, నూనెలో పేలుతుందంటారు, నిజమేనా?

పీలేరు పెద్దమ్మ

నిజమే, జాగ్రత్త. మా పీలేరులో అనపకాయల కాలమంతా పితికిపప్పు (ఇక్కడ అవరెబేళె అనేది అదే) ఏదో ఒక రూపంలో తింటాం కాబట్టి నాకు అలవాటు. నువ్వు రాత్రంతా నానబెట్టి ఒక్కొక్కటీ పితుక్కుంటూ కూర్చోకు. జనవరిలో మార్కెట్లో పితికిందే దొరుకుతుంది, “హితకిద బేళె” అని అడుగు. అర కిలో తీసుకో.

ఒకసారి కడిగి, నూలు గుడ్డ మీద పలచగా పరిచి, ఫ్యాను కింద మూడు నాలుగు గంటలు ఆరనివ్వు. గింజ పట్టుకుంటే వేళ్లకు తడి తగలకూడదు. లోపల తడి ఉన్న గింజే పేలుతుంది. నూనె బాగా కాగాక సెగ మధ్యరకానికి తగ్గించి, లోతైన జల్లి గరిటెలో గుప్పెడు గింజలు పోసి గరిటెతో సహా నూనెలో ముంచు. మొదట నురగ పొంగుతుంది కాబట్టి మూకుట్లో సగానికి మించి నూనె పోయకు. నురగ తగ్గి, చప్పుడు సన్నబడి, గింజలు తేలి గలగలమంటే తీసెయ్. రంగు మారేదాకా ఆగితే గట్టిపడతాయి.

అదే నూనెలో కరివేపాకు, చివర్లో గుప్పెడు పుట్నాలు వేయించు. ఉప్పూ కారం వేడి మీదే చల్లు, చల్లారితే పట్టదు. కాగితం మీద పరిచి నూనె పీల్చాక, పూర్తిగా చల్లారిందని చూసుకుని కవర్లో కట్టు. ఆడపడుచుకి పంపేది పండగకు రెండు రోజుల ముందు వేయించు, అంతకు ముందొద్దు.