మనుమడి దగ్గర నుంచి తిరిగి వచ్చాక రోజూ ఫోన్ చేయాలా, కొన్నాళ్లు ఆగాలా?

ప్రశ్న (హనుమకొండ నయీంనగర్ నుంచి ఒక బాపమ్మ)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేశాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న మా అబ్బాయి ఇంటికి మావారితో కలిసి వెళ్లి, అక్కడి అధికారులు ఇచ్చిన గడువు దాటక ముందే ఈ మధ్య హనుమకొండకు తిరిగి వచ్చాం. కోడలు మళ్లీ ఉద్యోగంలో చేరడంతో, అక్కడ ఉన్నన్నాళ్లూ మూడున్నరేళ్ల మనుమడిని బడి నుంచి రాగానే కూర్చోబెట్టి అన్నం తినిపించడం మొదలు రాత్రి పక్కలో వేసుకుని కథ చెప్పడం వరకు అన్నీ మేమే చూసుకున్నాం.

మేము బయలుదేరినప్పుడు వాడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. మెలకువగా ఉంటే కాళ్లకు చుట్టుకుని వదలడని, ఏడిపించి వెళ్లడం ఎందుకని ఇంట్లో అందరూ అనుకుని అలా చేశాం. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి రోజూ ఉదయం ఆరున్నరకు చాయ్ తాగుతూ వీడియో కాల్ చేస్తున్నాను. వాడు మాత్రం నా ముఖం చూడడు. బొమ్మ లారీ చక్రాన్ని తెర నిండా అదే కనిపించేంత దగ్గరగా పెట్టి గిరగిరా తిప్పుతాడు. "నాన్నా, తిన్నవా?" అని నేను అడుగుతుండగానే ఎర్ర గుర్తు నొక్కేస్తాడు. కాల్ అయిపోయాక పడుకోబోయే ముందు చాలాసేపు ఏడుస్తున్నాడని కోడలు చెప్పింది. అందుకే ఒక నెల రోజులు ఫోన్ చేయకుండా ఉంటే వాడు కుదుటపడతాడని మా అబ్బాయి అంటున్నాడు. మావారు కూడా అదే సరి అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఈ వయసు పిల్లలకు నెల రోజులంటే మాటలు కాదు, వాడు నన్ను పూర్తిగా మరిచిపోతాడేమో అనిపిస్తోంది. ఇలాంటి పరిస్థితిని దాటి వచ్చినవారు, పిల్లల సంగతి తెలిసినవారు ఏం చేయమంటారో చెప్పగలరు.

ఇంకొక చిన్న సంగతి. మా ఇద్దరికీ రాత్రి రెండు గంటలకల్లా మెలకువ వస్తోంది, మధ్యాహ్నం భోజనం కాగానే కళ్లు మూతలు పడుతున్నాయి. ఇది ఎన్నాళ్లుంటుంది?

జవాబు (ఇర్వింగ్, టెక్సస్)

అమ్మా, నమస్కారం. మా పుట్టిల్లు హంటర్ రోడ్డులోనే. మా అమ్మానాన్నలు వచ్చి వెళ్లిన ప్రతిసారీ మా ఇంట్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి ఇటువైపు నుంచి కనిపించే సంగతి చెబుతాను.

ముందుగా మీరు ఫోన్ చేస్తున్న సమయం చూడండి. మీకు ఉదయం ఆరున్నర అయ్యేసరికి ఇక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది గంటలు. పొద్దంతా డేకేర్‌లో గడిపి, స్నానం చేసి, నిద్రకు తూగుతున్న పిల్లవాడికి సరిగ్గా ఆ వేళకే బాపమ్మ కనిపిస్తోంది, కానీ పక్కలోకి రావడం లేదు. వాడు ఎర్ర గుర్తు నొక్కడం మీ మీద కోపంతో కాదు, అలసటతో అని నా నమ్మకం. మీ అబ్బాయి మాటలో కూడా మిమ్మల్ని దూరం పెట్టాలన్న ఉద్దేశం ఉండదు. కాల్ ముగిశాక ఏడ్చే పిల్లవాడిని భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరిగేది వాళ్లే కదా, మర్నాడు మళ్లీ ఆఫీసుకు పోవాల్సిందీ వాళ్లే.

కాబట్టి ఫోన్ మానేయకుండా వేళ మార్చి చూడండి. మీకు సాయంత్రం ఆరు గంటలైతే మాకు ఉదయం ఏడున్నర. వాడు పాలల్లో సీరియల్ వేసుకుని తినే ఆ పది నిమిషాలు చాలు. ఫోన్‌ను వాడి చేతికి ఇవ్వవద్దని కోడలికి చెప్పండి. నేనైతే సీరియల్ డబ్బాకు ఆనించి పెట్టి పక్కనే కూర్చుంటాను. చేతిలో ఫోన్ ఉంటే ఏ పిల్లవాడైనా గుర్తులన్నీ నొక్కుతాడు, అందులో ఆశ్చర్యం లేదు. అక్కడి నుంచి వాడు నేరుగా బడికి పోతాడు, ఏడవడానికి తీరిక దొరకదు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, ఆ రోజు నుంచి మార్చి రెండో ఆదివారం వరకు మీరు ఇదే కాల్‌ను సాయంత్రం ఏడు గంటలకు చేయాల్సి ఉంటుంది. ఈ మార్పు గుర్తుండక మా అమ్మ ప్రతి నవంబరులోనూ మమ్మల్ని ఆరున్నరకే నిద్ర లేపుతుంది.

మళ్లీ ఎప్పుడు వస్తావని వాడు అడిగితే నెల పేరు చెప్పకండి. సాధారణంగా మనవాళ్లకు పదేళ్ల పర్యాటక వీసా ఇచ్చినా, వచ్చిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండవచ్చన్నది విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా అది ఆరు నెలలకు మించదు. టికెట్లు చేతికి వచ్చాక చెబితే చాలు.

జవాబు (వరంగల్, పిల్లల వైద్యుడు)

టీచరు గారికి నమస్కారం. పూర్తిగా ఒక నెల మానేయమన్న సలహాతో నేను ఏకీభవించలేను. రోజూ తనను పక్కలో వేసుకున్న మనిషి నిద్ర లేచేసరికి కనిపించకుండా పోయింది. ఇప్పుడు తెరమీద కూడా కనిపించకపోతే పిల్లవాడికి ఆ విషయం మరింత అర్థం కాకుండా పోతుంది. మనుషులు చెప్పకుండా మాయమవుతారని ఒకసారి అనుభవమైన పిల్లలు నిద్రపోవడానికి భయపడటం, తల్లి కొంగు వదలకపోవడం మేము తరచుగా చూసేవే. మీ వాడు పడుకోబోయే ముందే ఏడుస్తున్నాడన్నది గమనించదగిన విషయం. దీనికి మందు ఉన్న మాట ఉన్నట్టు చెప్పడమే. "నువ్వు పడుకున్నప్పుడు మేము విమానం ఎక్కి మన హనుమకొండ ఇంటికి వచ్చాం, నీ మీద కోపంతో రాలేదు" అని చిన్న మాటల్లో, అడిగినన్ని సార్లు విసుక్కోకుండా చెప్పండి. పడుకునే వేళ తల్లిదండ్రులు కూడా ఇదే మాట చెప్పాలి. రెండు చోట్లా కథ ఒకటే ఉండాలి.

చిన్నపిల్లలకు తెర మంచిది కాదు కదా అన్న సందేహం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, వీడియో కాల్‌ను ఆ లెక్కలో వేయనక్కరలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన సూచనల్లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దని చెబుతూనే వీడియో కాల్‌ను మినహాయించింది. రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లలు, తమ మాటకు వెంటనే జవాబిచ్చే మనిషి నుంచి వీడియో కాల్‌లో కూడా కొత్త మాటలు నేర్చుకోగలిగారని, ముందే తీసిన వీడియో నుంచి నేర్చుకోలేకపోయారని 2014లో అమెరికాలోనే వెలువడిన ఒక పరిశోధన చూపింది. మీరు రికార్డు చేసి పంపే కథ కంటే, నెట్ ఆగి ఆగి వచ్చినా సరే, వాడి ముందు కూర్చుని చెప్పే కథే మేలని దీన్ని బట్టి నేను అనుకుంటాను.

నిద్ర సంగతి: శరీరంలోని గడియారం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. పదిన్నర గంటల తేడా కాబట్టి పది రోజులు, వయసును బట్టి మరికొంత పట్టవచ్చు. పగలు భద్రకాళి చెరువు కట్ట మీద వెలుతురులో నడవండి, మధ్యాహ్నం నిద్రను అరగంటకు మించనివ్వకండి. అంత దూరం విమానంలో కూర్చుని వచ్చారు కాబట్టి మరొక మాట చెప్పాలి. ఇద్దరిలో ఎవరికైనా ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే, ప్రయాణపు బడలిక అనుకోకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి.

జవాబు (కొత్తవాడ, వరంగల్)

అక్కా, మాది అమెరికా కథ కాదు, సూరత్ కథ. ఇక్కడి ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక మా వాడ నుంచి సూరత్‌కు, భివండికి వెళ్లిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా కొడుకు కూడా సూరత్‌లో మగ్గాల ఫ్యాక్టరీలోనే పని చేస్తాడు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి చేరుకుంటాం కాబట్టి మీకంటే మేము నయం, ఒప్పుకుంటాను. కానీ దగ్గరైనా దూరమైనా పిల్ల ఏడుపు ఒకటే. పిల్లలు పడుకున్నప్పుడు వెళ్లిపొమ్మని మా అత్తగారు కూడా చెప్పేది. నేను ఆ మాట వినను. మనుమరాలితోనే నా సంచి సర్దిస్తాను, పచ్చడి సీసాకు గుడ్డ చుట్టేది అదే, ఆటో దాకా సంచి పట్టుకుని వచ్చేది కూడా అదే. ఆటో కదలగానే గట్టిగా ఏడుస్తుంది, ఏడవనీ. పోయిన బాపమ్మ మళ్లీ వస్తుందని దానికి ఇప్పుడు తెలుసు, ఎందుకంటే పోవడాన్నీ చూసింది, రావడాన్నీ చూసింది. మీరు ఈసారి వెళ్లినప్పుడు, తిరిగి వచ్చే రోజున వాడిని కూడా విమానాశ్రయానికి తీసుకుని రమ్మని మీ అబ్బాయికి చెప్పండి.

జవాబు (కాజీపేట, రైల్వే విశ్రాంత ఉద్యోగి)

అమ్మా, పైన చెప్పినవారందరి మాటా బాగుంది. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. రోజూ ఫోన్ చేయడం అవసరం లేదు. రోజూ చేస్తే మనం అడిగేది ఏముంటుంది? తిన్నావా, బడికి పోయావా, ఏం చేస్తున్నావు, అంతే. బడిలో హాజరు తీసుకున్నట్టు ఉంటుంది, మీరు టీచరు గారు కాబట్టి ఏమనుకోవద్దు. పెద్దవాళ్లం మనకే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పబుద్ధి కాదు, పిల్లలకెలా అవుతుంది?

మా మనుమరాలు న్యూజెర్సీలో ఉంటుంది, ఐదేళ్లది. అది కూడా మొదట్లో ఫోన్ దగ్గరకు వచ్చేది కాదు. ఒక శనివారం సాయంత్రం నేను స్టేషన్‌లో ఎవరినో ఎక్కించడానికి వెళ్లినప్పుడు మా అమ్మాయి ఫోన్ చేసింది, అప్పుడే ఒక గూడ్సు బండి వెళుతోంది, కెమెరా అటు తిప్పాను. డబ్బాలన్నీ పోయేదాకా ఆ పిల్ల కదలలేదు. సికింద్రాబాద్ దారి, బల్లార్షా దారి, విజయవాడ దారి మూడూ కలిసే జంక్షన్ మనది, బండ్లకు కొదవ లేదు. ఇప్పుడు ఇంజను ముందుభాగం చూసి ఇది ప్రయాణికుల బండి లాగే డబ్ల్యూఏపీ-7, ఇది గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 అని అదే చెబుతుంది, తప్పు చెబితే నేను దిద్దుతాను, నేను కావాలని తప్పు చెబితే అది నన్ను దిద్దుతుంది. మధ్యలో తిన్నదీ తాగిందీ నేను అడగకుండానే దాని నోటి నుంచి వస్తాయి. వారానికి ఒక్కసారే మాట్లాడుకుంటాం. శనివారం పొద్దున లేవగానే "తాత బండ్లు" అని అదే తల్లిని అడుగుతుందట.

అందుకని, మీ వాడు లారీ చక్రం తెరకు పెట్టి తిప్పుతున్నాడంటే నాకు అది మాట్లాడకపోవడంలా అనిపించడం లేదు. వాడు మీకు చక్రం చూపిస్తున్నాడు. తిన్నావా అని అడగడం మాని, ఆ లారీలో ఏం సరుకు పోతోందో అడిగి చూడండి. మీ వాకిట్లో నిలిచిన లారీనో ట్రాక్టరునో మీరు కూడా చూపించండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ఉదయం ఆరున్నర అంటే వాడికి పడుకునే వేళ అన్నది లెక్కకు తెలిసిన విషయమే అయినా, అది వాడి ఏడుపుకు కారణం కావచ్చని మాకు తట్టలేదు. మా అబ్బాయితో మాట్లాడాను. వారానికి మూడు రోజులు, మనకు సాయంత్రం ఆరు గంటలకు, వాడు తింటున్నప్పుడు చేయడానికి ఒప్పుకున్నాడు. నెల మానేయాలన్న మాట ఇప్పటికి పక్కన పెట్టాడు. డాక్టరు గారు చెప్పినట్టు మేము ఎలా వచ్చామో వాడికి చెప్పాం. విని ఏమీ అనలేదు, "విమానంల లైటు ఉండెనా?" అని మాత్రం అడిగాడు. ఉంది, చిన్నది, తల మీద ఉంది అని చెప్పాను. ఆ తర్వాత అన్ని ప్రశ్నలూ ఆ లైటు గురించే.

మరో వారంలో బతుకమ్మ మొదలవుతోంది. వాకిట్లో కూర్చుని తాంబాళంలో తంగేడు, గునుగు పేర్చడం మొదటి వరస నుంచి వాడికి చూపించాలని అనుకుంటున్నాను. గునుగు పూలకు ఏ రంగు అద్దాలో వాడినే చెప్పమంటాను. చివరిదైన సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర ఆ జనంలో ఫోన్ సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఇంటి దగ్గర పేర్చేటప్పుడే కాల్ చేయడం మేలని మావారు అంటున్నారు. దాంతో నేనూ ఏకీభవిస్తున్నాను.

కాజీపేట అన్నయ్య గారికి ఒక ప్రశ్న. శనివారం మీరు స్టేషన్‌కు వెళ్లేటప్పుడు మావారు కూడా వస్తామంటున్నారు. ఏ వేళకు వస్తే గూడ్సు బండ్లు ఎక్కువగా కనిపిస్తాయి?

జవాబు (కాజీపేట, రైల్వే విశ్రాంత ఉద్యోగి)

తప్పకుండా రమ్మనండి అమ్మా. గూడ్సు బండ్లకు ఇదీ వేళ అని చెప్పడానికి ఉండదు, లైను ఖాళీని బట్టి వదులుతారు. అయినా సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు నిలబడితే ఒక్కటైనా కనిపించకుండా పోదు. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, అది మరిచిపోకుండా తీసుకోమనండి. ఫోన్ నిండా ఛార్జింగ్ ఉండాలి, పోయినసారి బల్లార్షా వైపు వెళ్లే బొగ్గు బండి సగం దాటేసరికి నాది ఆగిపోయి మనుమరాలి చేత తిట్లు తిన్నాను.