ఎల్‌నినో వచ్చిందంటే మనకు కరువు ఖాయమేనా?

మెట్టసేద్యం:
టీవీలో ఎల్‌నినో అన్న మాట వినపడితే చాలు, మా ఊరి విత్తనాల షాపు దగ్గర "ఈసారి పత్తి వద్దులే" మొదలవుతుంది. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కితే మా చేలకు వాన రాదని ముందే తేల్చేస్తారా? 2023 ఎల్‌నినో ఏడాదే కదా. ఆ జులైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకెక్కి కూర్చున్నారు.

గాలిలెక్క:
ఒక్క రోజు వాన చూపించి ఏడాది లెక్క కొట్టేస్తే ఎలా అన్నా? వెంటనే వచ్చిన ఆగస్టు మర్చిపోయారా? దేశం మొత్తం మీద 36 శాతం లోటు, 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. 2002లో సీజన్ లోటు 19 శాతం, 2009లో 22. రెండూ ఎల్‌నినో ఏళ్లే.

వేడి నీళ్లతోనే అయిపోదు, గాలి పీడనం కూడా చూడాలి. మామూలుగా పసిఫిక్ నడుమ ఉన్న తాహితీ దీవి దగ్గర పీడనం ఎక్కువ, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో తక్కువ. అందుకే గాలి పడమటికి వీస్తూ వేడి నీటిని ఇండోనేషియా దాకా నెట్టుకెళ్తుంది. ఆ తేడా తగ్గిందా, గాలి నీరసపడి వేడి నీళ్లు పెరూ వైపు జారతాయి, మబ్బులూ వాటి వెంటే. ఎడారిలాంటి పెరూ తీరంలో వరదలు, ఇండోనేషియాలో అడవుల మంటలు. మన నెత్తిన గాలి కిందికి దిగుతుంది, దిగే గాలిలో మబ్బు కట్టదు. 1904లో మన వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్, రుతుపవనాల జోస్యం కోసం లెక్కలు వేస్తూనే ఈ పీడనాల ఊగిసలాటను పట్టుకున్నాడు.

మెట్టసేద్యం:
మరి 1997? అంత పెద్ద ఎల్‌నినోలో మన వాన సగటుకు 102 శాతం!

నెల్లూరుగట్టు:
దానికి హిందూ మహాసముద్రం సాయం పట్టింది. ఆఫ్రికా పక్క వేడెక్కి, సుమత్రా పక్క చల్లబడింది. డైపోల్ అంటారు. కానీ 2023లోనూ డైపోల్ అనుకూలమే, ఆగస్టు ఎండిపోయింది. కాబట్టి దాన్ని సర్వరోగ నివారిణి చేయొద్దు.

ఇంకో మాట. "మనకు" అంటే ఎవరికండీ? మాకు వాన వచ్చేది అక్టోబరు తర్వాత. ఎల్‌నినో ఏళ్లలో ఈశాన్య రుతుపవనం తరచూ గట్టిగానే ఉంటుంది. 2015 నవంబరులో మీరు కరువంటుంటే మా నెల్లూరు, చిత్తూరు మునిగాయి.

గాలిలెక్క:
ఒప్పుకుంటా. నేను మాట్లాడింది జూన్ నుంచి సెప్టెంబరు గురించే. అయినా కరువు ఖాయమని నేననలేదు, రిస్క్ పెరుగుతుందంటున్నా.

మెట్టసేద్యం:
ఆ ముక్క మా షాపులో ఎవరూ అనరు తమ్ముడూ. నేనైతే ఈసారి సగం పత్తి, సగం కంది.