మేనరికంలో పుట్టిన పాపకు వినపడకపోతే తప్పు ఎవరిది? మా అవ్వకు ఎట్లా చెప్పాల?

ప్రొద్దుటూరు_చెల్లి:
అందరికీ నమస్తే. మా అక్కను మా మేనమామకే ఇచ్చినారు, అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. పెద్దోడు బాగుండాడు, రెండో పాపకు పుట్టుకతోనే వినపడదని పోయిన నెల తేలింది. ఉయ్యాల పక్కనే స్టీలు పళ్ళెం బండల మీద పడి ఇల్లంతా మోగిపోయినా పాప నిద్రలో కదల్లేదు, అప్పుడే అనుమానమొచ్చి చూపిచ్చినాం. అప్పట్నుంచి మా అవ్వ (అక్కకు అత్త కూడా ఆమే) “మా వంశంలో చెవుడు అనేదే ల్యా, మీ నాయన తట్టు నుంచి తెచ్చినావు” అని రోజూ అంటాంది. అక్క ఏడుస్తాంది, మామ నోరు తెరవడు. డాక్టరేమో మేనరికం కదమ్మా, జన్యువుల వల్ల కావచ్చు, టెస్టు చేపిచ్చుకోండి అని రెండు ముక్కల్లో చెప్పి పంపేసినాడు. నేను చదివింది బీకాం. ఈ రక్తం కలవడం అనేది నిజమేనా, తల్లి నుంచే వస్తాదా, ఇదంతా ఎవరు ఎట్లా కనిపెట్టినారు? అవ్వకు అర్థమయ్యేలా చెప్పాల, తెలిసినోళ్ళు చెప్పండి.

కర్నూలు_బురుజు:
మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే చెల్లెమ్మా, ఎవరికీ ఏం కాలేదు. మా అమ్మానాన్న కూడా అంతే. ప్రతిదానికీ మేనరికం మీద తోసేస్తారు అనిపిస్తాది నాకు.

అనంతపురం_జువాలజీ_సార్:
అమ్మా, ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పినాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు రక్తం సంగతి. తల్లి రక్తం తండ్రి రక్తం పాలూ నీళ్ళలా కలిసిపోయి బిడ్డ వస్తాదని మన ఊళ్ళలోనే కాదు, ఇంగ్లాండులో పెద్ద పెద్దోళ్ళు కూడా దాదాపు అట్లానే అనుకుండేవాళ్ళు. డార్విన్ పెళ్ళి చేసుకున్న ఎమ్మా ఎవరనుకుంటివి, ఆయన మేనమామ కూతురే, అచ్చం మన మేనరికం. 1839లో పెళ్ళయితే పదిమంది పిల్లలు, అందులో ముగ్గురు చిన్నప్పుడే పోయినారు. మా పెళ్ళి వల్లే పిల్లలకు రోగాలా అని ఆయన్ను ఆ దిగులు పీడించింది. 1871 జనాభా లెక్కల్లో ఇట్లాంటి పెళ్ళిళ్ళ గురించి ఒక ప్రశ్న పెట్టండి అని అడిగించినా పార్లమెంటు ఒప్పుకోలేదు. అదే 1871లో ఆయన బంధువే గాల్టన్, వేరే రంగు కుందేళ్ళ రక్తం తీసి బూడిదరంగు కుందేళ్ళకు ఎక్కిచ్చి పిల్లలు పెట్టించి చూసినాడు. పిల్లలన్నీ బూడిదరంగే. రక్తం మారినా పోలిక మారలేదన్నమాట.

అసలు జవాబు అప్పటికే అచ్చయి ఉంది. ఇప్పటి చెక్ దేశంలో బ్ర్నో అనే ఊళ్ళో మఠంలో ఉండే మెండెల్, తోటలో బఠాణీలు వేసి, గుండ్రటి గింజలవీ ముడతలవీ కలిపినాడు. మొదటి తరంలో అన్నీ గుండ్రటివే, ముడత మాయం. వాటినే మళ్ళీ వేస్తే 7324 గింజల్లో 5474 గుండ్రటివి, 1850 ముడతలవి, అంటే దాదాపు నాలుగింటికి ఒకటి ముడత. పోయిందనుకున్న ముడత ఎక్కడికీ పోలేదమ్మా, లోపల దాక్కొని ఉంది. 1866లో అచ్చయితే పట్టించుకున్నోళ్ళే తక్కువ, 1884లో ఆయన పోయినాడు, 1900లో గానీ ముగ్గురు వేరువేరుగా అదే లెక్కకు వచ్చి ఆయన్ను వెలికి తీయలేదు.

మీ అక్కకు కావాల్సింది ఆ తర్వాతిది. లండన్‌లో గ్యారడ్ అనే డాక్టరు, మూత్రం నల్లబడే పిల్లల్ని చూసేవాడు, ఉచ్చ గుడ్డలు ఆరేసరికి నల్లగా అయ్యేవి. తల్లిదండ్రులు ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ చాలా ఇళ్ళల్లో వాళ్ళు వరసకు దగ్గరి చుట్టాలు. ఇది మెండెల్ చెప్పిన దాగుడు లక్షణమే అని బేట్సన్ అనే ఆయన చెప్పినాడు, 1902లో గ్యారడ్ రాసి పెట్టినాడు. మనిషి జబ్బుకు మెండెల్ లెక్క సరిపోయిన మొదటి సందర్భం అదే, అదీ మేనరికం లాంటి పెళ్ళిళ్ళ వల్లే బయటపడింది.

ఇంక అవ్వకు చెప్పేది. నేను క్లాసులో చింతగింజలతో చెప్పేవాణ్ణి. అష్టాచెమ్మా ఆడేదానికి గింజను బండ మీద అరగదీస్తాము కదా, ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా. రెండు గింజలు తీసుకో, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. నలుపు అంటే పనిచేసే జన్యువు, తెలుపు అంటే చెడిపోయింది. మామకు అక్కకు ఇద్దరికీ ఒక నలుపు ఒక తెలుపు ఉండాయనుకో, నలుపు ఒక్కటున్నా చాలు కాబట్టి ఇద్దరికీ బాగా వినపడతాది. గింజలు వేస్తే రెండూ తెల్లగా పడేది నాలుగింటికి ఒకసారి. ఈ రకం చెవుడులో బిడ్డకు వినపడకపోవాలంటే తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, రెండూ రావాల్సిందే. ఒక్కరి తప్పు అనడానికి లెక్కే లేదు. పెద్దోడు బాగున్నాడు కాబట్టి రెండోది బాగుండాల్సింది అనడం కూడా కుదరదు, ప్రతిసారీ కొత్తగా వేసినట్టే.

ఆ తెలుపు అవ్వ దగ్గర నుంచో తాత దగ్గర నుంచో కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ పోయి, మీ అమ్మ నుంచి అక్కకు వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. మామకూ మేనకోడలికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఒకటే. కానీ ఇది అవ్వ మొహాన కొట్టినట్టు చెప్పొద్దు తల్లీ. అట్లా చెప్తే నింద అక్క మీద నుంచి ముసలామె మీదకు మారుతాది, అంతే.

కడప_నర్సు:
సార్ చెప్పింది బాగుంది. నేను కాన్పుల వార్డులో చేస్తాను, ఆడపిల్ల పుట్టినా ఇదే గొడవ, తల్లినే తిడతారు. 1905లోనే నెటీ స్టీవెన్స్ అనే ఆమె పిండిపురుగుల్లో చూసి, మగదానిలో ఒక చిన్న క్రోమోజోమ్ (జన్యువులుండే పోగు) ఉంటాది, ఆడదా మగదా అనేది తండ్రి కణం బట్టే తేలుతాది అని చూపించింది. నూరేళ్ళు దాటినా మా వార్డులో ఇంకా తల్లే ముద్దాయి.
చెల్లీ, పాప విషయంలో ఆలస్యం చేయొద్దు. వినికిడి మిషను, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) గురించి ఇప్పుడే మాట్లాడండి, మాటలు నేర్చుకునే వయసు దాటిపోతే కష్టం. ఇంకో బిడ్డ కావాలంటే ముందే జెనెటిక్ టెస్టు చేయించండి. చెవుడుకు కారణమయ్యే ఒక ముఖ్యమైన జన్యువును 1997లోనే గుర్తించినారు.

కర్నూలు_బురుజు:
సార్, మరి మా ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు కదా, దాన్ని ఎట్లా చూడాల? మేనరికం అసలు వద్దనేనా?

అనంతపురం_జువాలజీ_సార్:
మంచి ప్రశ్న నాయనా. చుట్టరికం లేని పెళ్ళిళ్ళలో కూడా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు. మేనత్త మేనమామ పిల్లలు చేసుకుంటే దానికి ఇంకో రెండు మూడు కలుపుకో, సొంత మేనమామనే చేసుకుంటే ఇంకా ఎక్కువ. అంటే ఎక్కువ ఇళ్ళల్లో ఏమీ కాదు, మీ ఇల్లు అట్లాంటిదే. అయినా ఆ నూటిలో ఒక బిడ్డ మన ఇంట్లోదైతే ఆ లెక్క ఓదార్పు కాదు. నా మాట అడిగితే, మా ఇంట్లో నేను వద్దనే చెప్పినాను. హాల్డేన్ అనే పెద్ద జన్యుశాస్త్రవేత్త 1957లో ఇంగ్లాండు వదిలి మన దేశానికి వచ్చేసినాడు, ఆయన శిష్యుడు పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణారావు మన ఆంధ్రా మేనరికాల మీదే పరిశోధన చేసినాడు. అరవై ఏళ్ళ నుంచి మన గురించే రాస్తాండారు, మనకే చేరలేదు.

ప్రొద్దుటూరు_చెల్లి:
సార్, అక్కా, చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టి చింతగింజలు అరగదీసి అవ్వ చేతికే ఇచ్చినాను. నలభై సార్లు వేసింది, పన్నెండు సార్లు రెండూ తెల్లగా పడినాయి. “అయితే మా వాడిది గూడా ఒకటి ఉండాదా” అనింది. ఉండాది అవ్వా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, లేచి పోయి పాపను అక్క చేతుల్లోంచి తీసుకొని ఒళ్ళో వేసుకునింది. సోమవారం తిరుపతికి చెవుల డాక్టరు దగ్గరికి పోతాండాం, అవ్వ కూడా వస్తానంటాంది.