‘ఫంక్షనలైజేషన్’కు తెలుగు మాట: ప్రమేయమా, సంధానమా?

బోరాన్ నైట్రైడ్ నానోగొట్టాల మీద జరిగే గణన అధ్యయనాలను తెలుగులో చెప్పేటప్పుడు ‘ఫంక్షనలైజేషన్’కు, అంటే గొట్టం గోడకు వేరే అణువులనో సమూహాలనో రసాయన బంధంతో చేర్చడానికి, ‘ప్రమేయీకరణం’ అనవచ్చునా అన్న ప్రశ్నకు, అనకపోవడమే మేలన్నది నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలలో ఫంక్షనల్ గ్రూపు ‘ప్రమేయ సమూహం’ కాబట్టి ఆ మాట సహజంగానే తోస్తుంది. అయితే ఈ అధ్యయనాలకు ఆధారమైన డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం (ఎలక్ట్రాన్ సాంద్రతను బట్టి శక్తిని లెక్కించే సిద్ధాంతం)లోని ‘ఫంక్షనల్’ గణితానిది. ప్రమేయం సాధారణంగా సంఖ్యను తీసుకొని సంఖ్యను ఇస్తుంది. ఫంక్షనల్ ఒక ప్రమేయాన్నే తీసుకొని సంఖ్యను ఇస్తుంది. ఎలక్ట్రాన్ సాంద్రత స్థానాన్ని బట్టి మారే ప్రమేయమనీ, కనిష్ఠ స్థితి శక్తి ఆ సాంద్రతకు ఫంక్షనల్ అనీ గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. ఈ రెండో విషయాన్ని 1964లో భౌతిక శాస్త్రవేత్తలు హోహెన్‌బర్గ్, కోన్ నిరూపించారు. ఈ గణిత ‘ఫంక్షనల్’ను ‘ప్రమేయకం’ అందాం. ‘నా ప్రమేయం లేకుండా జరిగింది’ అనే వాడుక ఎటూ ఉండనే ఉంది. ఇన్ని అర్థాల నడుమ ‘ప్రమేయీకరణం’ కూడా చేరితే చదివేవారు తికమకపడతారు.

అసలు అక్కడ జరిగే పనేమిటో చూద్దాం. గొట్టం గోడలో బోరాన్, నైట్రోజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా షడ్భుజాలలో అమరి ఉంటాయి. బంధం పొడవు సుమారు 1.45 ఆంగ్‌స్ట్రామ్‌లు. రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) బోరాన్‌కు 2.04, నైట్రోజన్‌కు 3.04 కావడంతో ఎలక్ట్రాన్లు నైట్రోజన్ వైపు ఒరుగుతాయి. అమ్మోనియా అణువు దగ్గరికి వచ్చినప్పుడు దాని ఒంటరి ఎలక్ట్రాన్ జంట (బంధంలో పాల్గొనని రెండు ఎలక్ట్రాన్లు), ఎలక్ట్రాన్ల కొరత ఉన్న బోరాన్‌ను పట్టుకుంటుంది. అంతవరకు మూడు బంధాలతో గోడలో ఒదిగి ఉన్న బోరాన్ కాస్త బయటికి ఉబికి నాలుగో బంధాన్ని ఏర్పరచుకుంటుంది. కలిసిన వ్యవస్థ శక్తి నుంచి విడి గొట్టం, విడి అణువుల శక్తులను తీసివేసినప్పుడు రుణ విలువ వస్తే ఆ కలయిక అనుకూలమని లెక్క చెబుతుంది.

కనుక ‘సమూహ సంధానం’ అన్నది నా ప్రతిపాదన. ‘సంధించడం’లో రెండిటిని కలపడమూ ఉంది, గురిచూసి ఎక్కుపెట్టడమూ ఉంది, నైట్రోజన్‌ను విడిచి బోరాన్‌నే చేరే అణువుకు ఆ రెండు అర్థాలూ నప్పుతాయి. ‘అధిశోషణం’ (అణువు ఉపరితలానికి అంటుకోవడం) చాలదు, ఎందుకంటే రసాయన బంధం లేకుండా ఉపరితలం మీద ఊరికే వాలిన అణువుకూ అదే మాట వాడతాం. బోరాన్ స్థానంలో కార్బన్ చేరితే మాత్రం అది డోపింగే, సంధానం కాదు. వాక్యంలో పెట్టి చూడండి (ఇందులో ‘శక్తి అంతరం’ అంటే ఎలక్ట్రాన్లు నిండిన, ఖాళీ శక్తి స్థాయిల మధ్య తేడా): ‘అమైన్ సమూహ సంధానానికి ముందూ తరువాతా నానోగొట్టం శక్తి అంతరాన్ని సాంద్రతా ప్రమేయక పద్ధతిలో లెక్కించి పోల్చాం.’